తోడు మట్టి

ఆరువేల నిమ్మ మొక్కలు నాలుగాకుల దగ్గర ఆగిపోయాయి. చచ్చిపోలేదు, చచ్చి ఉంటే కారణం వెతకడం తేలికయ్యేది. విత్తనం మొలిచి నాలుగు నెలలు దాటినా బొటనవేలి ఎత్తు మించక, పసుపూ ఆకుపచ్చా కాని రంగులో, శిక్ష పడిన పిల్లల్లా వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి. ఆ పొడుగాటి నారుమడిలో మూడుచోట్ల మాత్రం, ఒక్కొక్కటీ చాప పరచినంత మేర, మొక్కలు జానెడున్నర పెరిగి నిగనిగలాడుతున్నాయి. ఆ మూడు పచ్చని గుండ్రాలే ఇంట్లో నిప్పు పెట్టాయి.

మడి గట్టున నిలబడి వాటిని చూస్తున్నావిడను నర్సరీలో అందరూ డాక్టరమ్మ అంటారు. ఆమె మొక్కల తెగుళ్ళ మీద పెద్ద చదువు చదివిన మాట నిజమే గాని, ఆ పేరు గౌరవంతో పుట్టింది కాదు. పదేళ్ళ క్రితం కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే అంటు కట్టే కత్తిని స్పిరిట్‌తో తుడవమని చెప్పినందుకు, భర్తకు అక్క, అంటే ఆమెకు వదిన, పెట్టిన పేరు అది. వదినకు అరవై దాటాయి. పన్నెండో ఏట నుంచీ నర్సరీ అంటుగదిలో కూర్చుని అంటు కడుతూనే ఉంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు "అంటు కుదరలేదు" అని చెప్పి పంపేసేది. వదినా మరదళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని పనివాళ్ళకు తెలుసు. అందుకే ఒకరు చెప్పిన పని మధ్యలో ఉండగా రెండోవారి కంట పడకుండా జాగ్రత్తపడేవారు.

ఈసారి తగవుకు మూలం నిరుటిది. నిరుడు వేరుకుళ్ళు వచ్చి నారులో సగం నేలకు ఒరిగింది. కారణం తోడు మట్టేనని డాక్టరమ్మ తేల్చింది. తోడు మట్టి అన్నది ఆ నర్సరీలో తాతలనాటి అలవాటు. కొత్త మడి కట్టినప్పుడల్లా ముదురు నిమ్మచెట్ల మొదట్లోంచి గంపెడు మట్టి తవ్వి తెచ్చి, పాలకు తోడు వేసినట్టు, మడి నిండా పిడికెళ్ళతో చల్లేవారు. ఆ గంప మోసేది వదినే. దానితోనే రోగం కూడా వచ్చిందని, ఇకమీదట ఆ పని కూడదని డాక్టరమ్మ ఆజ్ఞ వేసింది. ఆవిరి యంత్రం తెప్పించింది. మడి మట్టినంతా జానెడు లోతు వరకు ఆవిరిపట్టి ఉడికించింది. పాత మడుల మట్టిని గోతిలో పోయించి సున్నం కప్పించింది. ఈ ఏడు ఒక్క మొక్కకు కూడా వేరు కుళ్ళలేదు. ఆ గెలుపును ఆమె నెల రోజులు అనుభవించింది. తరవాత మొక్కలు ఆగిపోయాయి.

భాస్వరం వేసింది. కదలలేదు. రెట్టింపు వేసింది. ఆకు ఇంకా పాలిపోయింది. తోటల కంపెనీవాళ్ళు మరో ఆరు నెలల్లో వచ్చి, పెన్సిలు మందాన కాండమున్న మొక్కలనే ఎంచుకుంటారు. అప్పటికి ఇవి అగ్గిపుల్లంతయినా అయ్యేట్టు లేవు.

ఆ ఉదయం ఆమె పనివాళ్ళ ముందే వదినను మడి దగ్గరకు పిలిపించింది.

"ఈ మూడుచోట్లా చల్లడం మరిచిపోయారా వదినా, లేక తేడా చూపించడానికి కావాలనే వదిలిపెట్టారా?"

వదిన చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, తాపీగా మడి ఈ కొస నుంచి ఆ కొస వరకు చూసింది. "ఏం చల్లానంటావమ్మా?"

"కలుపు మందు. బాగా పలచన చేసి. చావకుండా, పెరగకుండా."

"అంత కొలత నాకే తెలిస్తే, ఆ డాక్టరు పట్టా నీకిచ్చే ముందు నన్నడిగి ఇచ్చేవాళ్ళు."

సంచుల్లో మట్టి నింపే ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీళ్ళు పెట్టే పెద్దాయన పైపు వంక చూస్తూ దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. డాక్టరమ్మ అప్పటిదాకా అనుమానంగా పట్టుకున్నదాన్ని ఆ దగ్గుతో నిర్ధారణగా మార్చుకుంది. మనిషి పదిమందిలో నవ్వులపాలైనప్పుడు రుజువుల అవసరం తగ్గిపోతుంది.

"మీ తోడు మట్టి వద్దన్నానని నా మడిని విషం చేశారు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను."

"అనేశావుగా. తొమ్మిదిమంది విన్నారు. పదో మనిషి కావాలంటే నా తమ్ముడున్నాడు, వాడి చెవిలో ఊదు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఆ పనే చేసింది.

"అక్క అలా చేయదు," అన్నాడు భర్త, కంచంలోంచి తల ఎత్తకుండా.

"మరెవరు చేశారు? నేనా?"

అతను అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న బతుకు అతనిది. పదేళ్ళుగా ఆ రెంటి మధ్య గట్టు మీదే నడుస్తున్నాడు.

"ఆవిడైనా ఇక్కడ ఉండాలి, నేనైనా ఉండాలి," అంది డాక్టరమ్మ. "కంపెనీవాళ్ళకు జవాబు చెప్పుకోవలసింది నేను. ఆలోచించుకోండి."

సాయంత్రం అతను అంటుగదికి వెళ్ళాడు. ఏం మాట్లాడాడో ఆమె కిటికీ ఇవతల నిలబడి వింది.

"అక్కా, కొన్నాళ్ళు చిన్నాన్న కూతురి దగ్గర ఉండి రారాదూ? గొడవ సద్దుమణిగాక..."

"ఎప్పటికల్లా ఖాళీ చెయ్యమంది?"

"అది కాదు..."

"శనివారానికి చేస్తాను. ఇవిగో తాళాలు." ఇనుప గుత్తి బల్ల మీద పడిన చప్పుడు. "చేతులు కూడా కోసిమ్మంటావా? అవీ ఈ ఇంటివే, నావి కావు."

అది సోమవారం.

బుధవారం నాడు ప్రయోగశాల నుంచి మట్టి పరీక్ష వివరం వచ్చింది. వదిన మీద రుజువు కోసం ముందు వారమే డాక్టరమ్మ పంపిన మట్టి అది. కలుపు మందు జాడ లేదు. ఏ మందు జాడా లేదు. భాస్వరం మాత్రం అవసరానికి నాలుగింతలుంది. కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఆమెకు ఊరట కలగలేదు, ఒళ్ళు మండింది. మట్టి నిండా తిండి ఉంటే మొక్కలు ఆకలితో ఎందుకు మాడుతున్నట్టు? వదిన దొరకకుండా తప్పించుకుంది అనిపించింది తప్ప, వదిన తప్పు చేయలేదేమో అనిపించలేదు.

కాని చదువు నేర్పిన అలవాటు కోపం కన్నా పాతది. ఆమె పచ్చని గుండ్రంలోంచి ఒక మొక్కను, గిడసబారిన వరసలోంచి ఒక మొక్కను వేళ్ళతో సహా పెళ్ళగించి ఆఫీసు గదికి తీసుకుపోయింది. నీళ్ళలో ముంచి ఆడించగానే గిడస మొక్క వేళ్ళు అరక్షణంలో తెల్లగా, శుభ్రంగా బయటపడ్డాయి. పచ్చని మొక్క వేళ్ళు మట్టిని వదల్లేదు. ఎంత కడిగినా రేణువులు వేలాడుతూనే ఉన్నాయి, కంటికి ఆనీ ఆనని దారాలతో ఎవరో కుట్టినట్టు.

బూజు, అనుకుంది మొదట. తరవాత అదే మాట ఇంకోలా గుర్తొచ్చింది.

కాలేజీలో మూడో ఏట ఒక పుస్తకంలో రెండు పేజీల పాఠం ఉండేది. వేరులో కాపురముండే బూజు గురించి. ఆ ప్రశ్న పరీక్షలో వస్తే బొమ్మతో సహా రాసింది. పూర్తి మార్కులు వచ్చాయి. ఆ తరవాత పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పాఠం పనిపడలేదు. ఆమె చదివిందీ, మందు కొట్టిందీ మొక్కలను చంపే బూజుల మీదే.

రెండు రకాల వేళ్ళనూ క్షారపు నీళ్ళలో మరిగించింది. రంగు పోయి అవి గాజు పోగుల్లా అయ్యాయి. వాటిని వెనిగర్‌లో కలిపిన పెన్ను సిరాలో నానబెట్టి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టింది. గిడస మొక్క వేరు ఖాళీగా ఉంది. గది తరవాత గది, ఎవరూ దిగని సత్రంలా. పచ్చని మొక్క వేరులో గదుల మధ్య సందుల వెంట నీలం దారాలు పాకాయి. లోపలి గదుల్లో ఒక్కొక్క దారం చీలి, చీలినది మళ్ళీ చీలి, చిన్న చెట్టులా విప్పుకుని ఉంది. ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది అక్కడే. ఆకు వండిన చక్కెరలో వాటా బూజుకు పోతుంది. బూజు తన దారాలను వేరు చేరలేనంత దూరం పంపి, మట్టి పట్టుకుని వదలని భాస్వరాన్ని, జింకును తెచ్చి ఇస్తుంది. భాస్వరం నీళ్ళలా నడిచి రాదు. ఎక్కడ పడితే అక్కడే మట్టికి అంటుకుని కూర్చుంటుంది. వేరు తన చుట్టూ ఉన్న వెంట్రుకవాసి మేర తినేశాక, పక్కనే రాశులున్నా పస్తే. అందులోనూ నిమ్మ వేరుకు నూగు తక్కువ. సొంతంగా అందుకోగలిగేది కొంచెం. ఆమె రెట్టించి వేసిన ఎరువు సున్నం పాలెక్కువైన ఆ ఊరి నీళ్ళకు బిగుసుకుని, అది చాలక, ఉన్న కాస్త జింకును కూడా వేరుకు అందకుండా చేసింది.

మంచీ చెడూ చూడకుండా ఆవిరి రెంటినీ ఉడికించింది. అయితే ఆ మూడుచోట్లా ఎలా బతికింది?

దానికి జవాబు ఆమె చేతిరాతలోనే ఉంది. పని పుస్తకం తీసి వెనక్కి తిప్పింది. ఆవిరి పట్టిన మూడు రోజులకు గాలివాన వచ్చి నీడవల మధ్యలో వేలాడిపోయింది. "మడి మధ్యలో మూడు ఊతకర్రలు పాతించాను," అని రాసి ఉంది. కర్ర నిలవడానికి రెండు మూరల గొయ్యి తవ్వారు. ఆవిరి దిగింది జానెడే. దాని కింద ఉడకని పాత మట్టి గోతిలోంచి పైకి వచ్చి కర్ర చుట్టూ పరుచుకుంది. ఆమె మడి దగ్గరకు వెళ్ళి చూసింది. ఒక్కొక్క గుండ్రానికి నట్టనడుమ ఒక్కొక్క కర్ర నిలబడి ఉంది. నాలుగు నెలలుగా రోజుకు రెండుసార్లు వాటిని తప్పించుకుని నడిచింది తనే.

పని పుస్తకంలో ప్రతి నష్టానికీ 'కారణం' అని ఒక గడి ఉంటుంది. సోమవారం నాడు ఆ గడిలో "కలుపు మందు, వదిన" అని రాసింది. ఇప్పుడు ఆ రెండు మాటల వంక చూస్తూ చాలాసేపు కూర్చుంది.

గురువారం భర్తకు చెప్పింది. అతను శ్రద్ధగా విని, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అయితే ఇప్పుడేం కావాలి?"

"ముదురు నిమ్మ వేళ్ళ మట్టి. మన మడుల మట్టి అంతా సున్నంలో పోశాను. ఆ మూడు గుండ్రాల మట్టి ఆరువేల మొక్కలకు చాలదు. మిగిలినవి మీ అక్క గది వెనక ఉన్న నాలుగు తల్లి చెట్లే."

"శనివారం వెళ్ళిపోతోందిగా. ఆదివారం తవ్వుకో. ఎవరికీ చెప్పక్కర్లేదు."

"ఆవిడ చేయలేదని తెలిసినా?"

"నువ్వే కదా ఉంటే నేనో ఆవిడో అన్నావు," అన్నాడతను. అతని గొంతులో ఆమె ఎన్నడూ వినని పదును ఉంది. "నేను మనసు చంపుకుని వెళ్ళి మా అక్క దగ్గర తాళాలు తీసుకున్నాను. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి ఏం చెప్పమంటావు? పొరపాటున పొమ్మన్నామనా?"

ఆ ఆలోచన ఆమెను ఆకర్షించలేదని అనడం అబద్ధం. శుక్రవారమంతా దానితోనే గడిపింది. వదిన లేని నర్సరీ ఎంత ప్రశాంతంగా ఉంటుందో గదిగదికీ తిరిగి ఊహించుకుంది. వదిన మీద ఆమెకు కోపం రవ్వంత తగ్గలేదు. వెటకారం, దగ్గు, తొమ్మిదిమంది నవ్వు, అన్నీ అలాగే ఉన్నాయి. కాని పని పుస్తకంలో ఆ గడి ఉంది. తెలిసి తెలిసి తప్పుడు కారణాన్ని అలా వదిలేస్తే, వచ్చే ఏడు దాన్ని నమ్మి ఇంకో తప్పు చేయాలి. ఆ తప్పును కప్పడానికి మరొకటి. ఆమెకు మనుషుల విషయంలో జాలి తక్కువ, కారణాల విషయంలో భయం ఎక్కువ.

శనివారం పొద్దున్నే వదిన గదికి వెళ్ళింది. గుమ్మం పక్కన రెండు మూటలు కట్టి ఉన్నాయి. వదిన మంచం మీద కూర్చుని మూడో దానికి ముడి బిగిస్తోంది.

"మందు మీరు చల్లలేదు," అంది డాక్టరమ్మ, లోపలికి రాకుండానే. "ఎవరూ చల్లలేదు. మట్టిలో నిమ్మ వేరుకు తిండి తెచ్చే బూజు ఒకటుంటుంది. ఆవిరితో దాన్ని నేనే చంపాను."

వదిన ముడి పూర్తిచేసింది. "మొలిచిన మూడోవారంలోనే అనుకున్నా."

"ఏమిటి?"

"మడికి తోడు లేదని. ఆకు చూస్తే తెలీదూ? మా నాన్న ఒకసారి కొత్త నేలలో మడి కట్టి తోడు మరిచిపోయాడు. అచ్చం ఇలాగే ఉంది. బూజో గీజో నాకు తెలీదు, మట్టి వేస్తే లేస్తాయని తెలుసు."

డాక్టరమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "తెలిసి మూడు నెలలు నోరు మూసుకున్నారా?"

"నువ్వడిగావా?"

"ఆరువేల మొక్కలు వదినా."

"లెక్క నాకూ వచ్చు. నా గంపను నా చేతిలోంచి లాక్కుని సున్నంలో పోయించావు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మనిషికి నాలుగో కాలు నేనెందుకు చూపించాలి? పడనీ అనుకున్నాను. నువ్వు పడతావనుకున్నాను, నన్ను తోస్తావనుకోలేదు."

వదిన మూడో మూటను మిగతా రెంటి పక్కకు జరిపింది.

"తల్లి చెట్ల మట్టి కావాలి," అంది డాక్టరమ్మ.

"ముందు ఎక్కడన్న మాట అక్కడ వెనక్కి తీసుకో. తొమ్మిదిమందీ ఉండాలి."

తీసుకుంది. మడి గట్టున, పనివాళ్ళందరి ముందు, ఏ మాటా మింగకుండా, ఊతకర్రల సంగతితో సహా చెప్పింది. పాఠం చెప్పినట్టు చెప్పింది. ఇంకోలా చెప్పడం ఆమెకు చేతకాదు. ఈసారి నీళ్ళ పెద్దాయన దగ్గలేదు. సంచులావిడ మాత్రం పక్కమనిషితో, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని అందరికీ వినపడేట్టు గొణిగింది. భర్త దూరం నుంచే విని, ఆఫీసులోకి వెళ్ళి, తాళాల గుత్తి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని బొడ్లో దోపుకుంది గాని అతని మొహం వైపు చూడలేదు.

చెట్ల దగ్గర మళ్ళీ రాజుకుంది. వదిన గునపం ఎత్తేసరికి డాక్టరమ్మ అడ్డం వచ్చింది.

"ముందు వేళ్ళు చూడాలి. తిండి తెచ్చే బూజు ఉన్న మట్టిలోనే చంపేదీ ఉండొచ్చు."

"నా చెట్లకు రోగమంటావా?"

"అనడం లేదు. చూస్తానంటున్నాను."

"ఇప్పుడే నోరు కడుక్కున్నావు. మళ్ళీ మొదలెట్టకు."

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క చెట్టు మొదట్లో నాలుగు వైపులా చిన్న చిన్న గుంటలు తీసి, సన్నని వేళ్ళను చేతివేళ్ళ మధ్య పట్టి లాగి చూసింది. మూడు చెట్ల వేళ్ళు తేనెరంగులో గట్టిగా ఉన్నాయి. నాలుగో చెట్టు వదిన పన్నెండో ఏట కట్టిన మొదటి అంటు. దాని వేరు పట్టి లాగగానే పైతోలు ఒరలా ఊడి చేతిలోకి వచ్చింది. లోపల దారం మాత్రం మిగిలింది. మరొకటి లాగింది. అదీ అంతే. ముక్కు దగ్గర పెట్టుకుని, కుళ్ళు వాసన పట్టి, వదినకు అందించింది.

వదిన వాసన చూడనక్కర్లేకపోయింది. "నిరుడు గంప నింపింది దీని కిందే," అంది.

"అవును."

"అంటే సగం నారు నేనే..."

"అవును."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఎవరి పిడికిట్లో ఎంత ఉందో ఇద్దరికీ కచ్చితంగా తెలుసు. ఒక్కమాట అంటే చాలు, ఈ పొద్దుటి అప్పు తీరిపోతుంది. డాక్టరమ్మ ఆ మాట కోసం తల పనివాళ్ళ వైపు తిప్పింది కూడా. వదిన అంతకన్నా ముందే గొంతెత్తింది.

"ఇలా రండి అందరూ. నిరుడు నారు కుళ్ళింది ఈ చెట్టు వల్ల. మోసుకొచ్చింది నేను. వినపడిందా? ఇక పొండి." తరవాత మరదలి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నీ నోట వినడం కన్నా నేనే చెప్పుకోవడం నయం."

ఆ పూటే పని మొదలైంది. మూడు మంచి చెట్ల కింద ఎక్కడ తవ్వితే చెట్టు తట్టుకుంటుందో వదిన గునపంతో గీత గీసి చూపించింది; వచ్చిన ప్రతి గంపలోంచీ వేళ్ళు ఏరి డాక్టరమ్మ పరీక్షించింది. రెండు గంపలను వెనక్కి పంపింది. వదిన పళ్ళు కొరికింది గాని పంపనిచ్చింది. ప్రతి మొక్క పక్కనా వేలితో బెజ్జం చేసి చిటికెడు మట్టి దించాలి. చెరో కొస నుంచి మొదలుపెట్టి, నాలుగు రోజులకు మధ్య కర్ర దగ్గర ఎదురుపడ్డారు.

"ఎన్ని లేస్తాయి?" అంది వదిన.

"మూడింట రెండు వంతులు. పెన్సిలు మందం ఈ సీజనుకు రాదు. కంపెనీవాళ్ళు ఒప్పుకోరు."

"అంటే ఏడాది పోయింది."

"పోయింది. మూడోవారంలో చెప్పి ఉంటే పోయేది కాదు."

"ఆవిరి పట్టకపోయి ఉంటే అసలు చెప్పే పనే ఉండేది కాదు. నాలుగో చెట్టును ఏం చేద్దామనుకుంటున్నావు?"

"కొట్టేయాలి. వేళ్ళతో సహా తీసి తగలబెట్టాలి."

వదిన చేతుల మట్టి దులుపుకుని లేచింది. నడుం పట్టుకుని నిటారుగా అయ్యేసరికి కొంతసేపు పట్టింది. డాక్టరమ్మ చెయ్యి అందించలేదు. అందించినా ఆవిడ పట్టుకునేది కాదు.

"రేపు పొద్దున నేను లేచేసరికి అది అక్కడ ఉండకూడదు," అంది వదిన. "కొట్టే చప్పుడు కూడా నాకు వినపడకూడదు. ఇంకా ఏమైనా ఉందా?"

"మూటలు విప్పలేదని విన్నాను."

"విప్పను. ముందు ఐదో ఆకు రానీ."